హకీమ్ సాబ్ పట్టుకున్న మర్జ్

ఇంట్లో బుజుర్గులు కాళ్లు ఈడుస్తూ నడిచినా, మాట మరిచినా, బాత్‌రూమ్‌కు చేరేలోపే పైజామా తడిసినా ‘ఉమర్ అయిపోయింది’ అనేస్తాం. ఈ మూడూ ఒకే బీమారీకి నిషానీలు కావచ్చని, దానికి ఇలాజ్ ఉందని దునియాకు చూపినవాడి పేరు కూడా హకీమే!

సలొమాన్ హకీమ్ 1922లో కొలంబియాలో పుట్టాడు. ఖాందాన్ లెబనాన్ నుంచి వలస వెళ్లింది. న్యూరోసర్జన్ అయ్యాడు. డిమెన్షియాతో ఇంతెకాల్ అయినవాళ్ల మెదళ్లను పరీక్షిస్తుంటే ఒక సంగతి కనిపించింది. కొందరిలో మెదడు లోపలి నీటి గదులు బాగా పెరిగాయి. కానీ మెదడు పైపొర అంతగా పాడవలేదు. మరి గదులెందుకు ఉబ్బాయి?

1957లో బొగోటాలో జవాబు దొరికింది. కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన 16 ఏళ్ల కుర్రాడు ఆపరేషన్ తర్వాత కూడా హోష్‌లోకి రాలేదు. గదులు ఉబ్బి ఉన్నాయి, నీటి ఒత్తిడి మాత్రం మామూలే. హకీమ్ పరీక్ష కోసం 15 మిల్లీలీటర్లు తీశాడు. కుర్రాడు మాట్లాడాడు! ఆ నీరు బయటికి పోయేలా షంట్ అమర్చాక కోలుకున్నాడు.

వెయ్యేళ్ల కిందటే అందులూసియాలో అల్ జహ్రావీ పసిపిల్లల తలలో నీరు చేరడం గురించి రాశాడు. పిల్లల పుర్రె సాగుతుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది. పెద్దవాళ్ల పుర్రె సాగదు. మర్జ్ లోపలే దాక్కుంటుంది.

ఒత్తిడి మామూలుగా ఉంటే నష్టమెలా? బెలూన్‌ను చూడండి. మొదట గట్టిగా ఊదాలి, కాస్త ఉబ్బాక కొద్ది ఊపిరే చాలు. గది గోడ పెద్దదయ్యేకొద్దీ అదే ఒత్తిడి ఎక్కువ బలంగా నెడుతుందన్నది హకీమ్ దలీల్. 1964లో థీసిస్ రాశాడు, 1965లో అమెరికా డాక్టర్లతో కలిసి ముగ్గురు మరీజుల కథ ప్రచురించాడు.

మెదడులో రక్తస్రావం, మెనింజైటిస్, తలదెబ్బ తర్వాత నీరు ఇంకే దారులు మూసుకుపోయి ఇది రావచ్చు. చాలామంది బుజుర్గుల్లో మాత్రం సబబ్ తేలదు. బీపీ, షుగర్‌తో, రక్తనాళాలు గట్టిపడటంతో సంబంధం కనిపిస్తోంది. కొందరిలో అల్జీమర్స్ కూడా తోడుంటుంది. అందుకే షంట్ అందరికీ పనిచేయదు. పనిచేసినచోట ముందు బాగుపడేది ఎక్కువగా నడకే.

వుజూ నిలవదన్న షరమ్‌తో మస్జిద్ మానేసిన పెద్దాయన మీ ఇంట్లో ఉంటే, ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించి స్కాన్ గురించి అడగండి. ఆలస్యమయ్యేకొద్దీ ఫాయిదా తగ్గుతుంది. షిఫా అల్లాహ్ చేతిలోది, ఇలాజ్ వెతకడం మన జిమ్మా.