తుగ్యానీలో తెగిన చెరువులు

మా నానీమాకు తన పెద్దన్న పుట్టిన తేదీ తెలియదు. అడిగితే "తుగ్యానీ సాల్ కా హై" అనేది, వరద వచ్చిన ఏడు పుట్టాడని. పాతబస్తీలో ఒక తరం పుట్టుకలు, నికాలు, మౌత్‌లు అన్నిటికీ అదే క్యాలెండర్. తుగ్యానీకి ముందు, తుగ్యానీకి తర్వాత.

అది 1908 సెప్టెంబర్ 28. హిజ్రీ 1326, రంజాన్ అప్పుడే మొదలైన రోజులు. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్, ఘాన్సీ బజార్, కోల్సావాడీ మోహల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయింది. కుతుబ్‌షాహీలు 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. 15 వేల మంది దాకా చనిపోయారని, 19 వేల ఇళ్లు కూలాయని లెక్క. నేటి ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మందికి పైగా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది.

ఆ రోజు మూసీలో పడి బతికి బయటపడ్డ వాళ్లలో అమ్జద్ హైదరాబాదీ ఒకరు. అమ్మ, బీవీ, బిడ్డ, ముగ్గురూ ఆయన కళ్ల ముందే కొట్టుకుపోయారు. తర్వాత రుబాయీలకు అంత పేరు తెచ్చుకున్న షాయర్ ఆయనే. తుగ్యానీ మీద ఆయన రాసిన నజ్మ్ పేరు 'ఖయామతె సుగ్రా', అంటే చిన్న ప్రళయం. ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు ఆ పేరు విని, ఇంత దానికి 'చిన్న' అంటాడేమిటని నాకు తిక్కగా ఉండేది. అసలు ఖయామత్ ఇంకా రావాలి కదా, అందుకే చిన్నది అన్నాడని అబ్బా చెప్పాడు.

మేం చెప్పుకునే తుగ్యానీ ఇక్కడితో అయిపోతుంది. చెట్టు, షాయర్, కన్నీళ్లు పెట్టుకున్న నిజాం మహబూబ్ అలీ ఖాన్. నేనూ పత్రికల్లో రెండు మూడుసార్లు ఇలాగే రాశాను. మళ్లీ వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం 1909లో పిలిపించిన విశ్వేశ్వరయ్య మాత్రం లెక్కలు చూశాడు. శంషాబాద్‌లో ఒక్క రోజులో దాదాపు 13 అంగుళాల వాన పడింది. అది ఎక్కువే. కానీ ఊరిని ముంచింది ఒక్క వానే కాదు. మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడటం, అది తెగి దాని కింది దాని మీద పడటం. ఈసీ వైపు పాల్మాకుల, పర్తి చెరువులు అట్లా తెగినవే. ఆ నీళ్లన్నీ ఒకేసారి ఊరి మీదికొచ్చాయి.

అందుకే ఊరికి ఎగువన, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టమన్నాడాయన. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మూసీ అట్లాంటి ఖయామత్ మళ్లీ తేలేదు. ఇక ఫికర్ లేదనుకున్నాం.

2020 అక్టోబర్ 13న బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. మేం మూసీ వైపే చూస్తూ కూర్చున్నాం. మాది హాఫిజ్ బాబానగర్, నదికి దూరం. నాలుగు రోజులకు, 17 రాత్రి, బాలాపూర్ గుర్రంచెరువు కట్ట తెగింది. నీళ్లు గల్లీలోకి ఎక్కడం కాదు, ఉరికొచ్చాయి. కరెంటు పోయింది. అమ్మీని వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కాను. మోకాళ్ల నొప్పి ఆమెకు, దమ్ము నాకు. మిద్దె మీద పక్కింటి వాళ్లతో కలిసి తెల్లారేదాకా కూర్చున్నాం. ఎవరో అజాన్ ఇచ్చారు, వేళ కాకపోయినా. ఆపద వేళ ఇస్తారట.

నూటపన్నెండేళ్ల తర్వాత వచ్చింది అదే తుగ్యానీ, కొంచెం చిన్నది. తెగిన చెరువు, దాని కింద మనుషులు. తేడా ఒక్కటే, 1908లో చెరువు కింద పొలాలుండేవి. ఇప్పుడు శికంలోనూ నాలా మీదా మా ఇళ్లున్నాయి. మా ప్లాట్ అమ్మినవాడు చెరువు మాటే ఎత్తలేదు. మేమూ అడగలేదు, ఊరు పెరుగుతోంది, ధర తక్కువ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కట్టడాలను ఆపడానికి 1996లో తెచ్చిన 111 జీవోను కూడా 2022లో ఎత్తేశారు. ఆ వార్త ఆఫీసులో నేనే దిద్దాను. కామాలు సరిచేసి పంపించాను.

ఇప్పుడు వానాకాలంలో ఫోను రాత్రిపూట 'రెడ్ అలర్ట్' అని మోగితే నాకు నిద్ర పట్టదు. లేచి నాలా దాకా వెళ్లి టార్చ్ వేసి చూసొస్తాను. ఇల్లు మారదామంటే అమ్మీ ఒప్పుకోదు. "కిధర్ జాతే? సబ్ తలాబీచ్ హై" అంటుంది. ఎక్కడికి పోతాం, అంతా చెరువే కదా అని. ఖురాన్, ఇంటి కాగితాలు, అబ్బా ఫొటో మాత్రం ఆ రాత్రి తర్వాత సజ్జా మీదికెక్కించింది. ఇంకా దించలేదు.