ఇంటి తెర మీద పెద్దపీట ఎవరికి?

వంట ముగించి, వారిని ఆఫీసుకూ పిల్లల్ని చదువులకూ పంపించి, మీరు కాస్త నడుం వాల్చే వేళ ఇది. అయినా ఒక్కసారి లేచి, మీ టీవీ రిమోటును చేతిలోకి తీసుకుని చూడండమ్మా. నెట్‌ఫ్లిక్స్ అని ఒక మీట, ప్రైమ్ వీడియో అని ఒక మీట, యూట్యూబ్ అని ఇంకొకటి కనబడతాయి. దూరదర్శన్ అని ఎక్కడైనా వుందేమో వెతకండి. మా రిమోటులో మాత్రం లేదు.

మేముండేది ఫిలింనగర్ కొండ దిగువన. క్రిందటేడు కొత్త స్మార్ట్ టీవీ కొన్నాం. బిగించడానికి వచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో అన్నీ గబగబా చూపించి వెళ్ళిపోయాడు. సాయంత్రం మా అత్తగారు వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చుని, "యాదగిరి పెట్టమ్మా, వార్తలు వింటాను" అన్నారు. ఆవిడకు డెబ్బయి ఎనిమిదేళ్ళు. నేను మీటలు నొక్కుతూనే వున్నాను, సినిమా బొమ్మలు వరసలు వరసలుగా వచ్చిపోతూనే వున్నాయి. కేబుల్ పెట్టె వుంది, అందులో యాదగిరీ వుంది. కాని ఆ పెట్టె దాకా వెళ్ళే దారే నాకు దొరకలేదు. మా అబ్బాయి ట్యూషన్ నుంచి వచ్చి పెట్టేసరికి వార్తలు కాస్తా అయిపోయాయి. "ఇంట్లో మనిషిని తీసుకెళ్ళి పెరట్లో కూర్చోబెట్టారేమిటే!" అన్నారావిడ.

ఆ మాట నా మనసులో అలాగే వుండిపోయింది. నేను చదివింది పదో తరగతే అయినా, రేడియోలో మాట్లాడే అలవాటు వున్నదాన్ని కనుక ఈ పీట సంగతేమిటో తెలుసుకుందామని బయలుదేరాను.

మొదట్లో పీటకు పోటీయే లేదు. హైదరాబాదులో నిజాం కాలంనాటి దక్కన్ రేడియో 1935లో మొదలైంది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చాయి. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిపోయింది. రేడియో పెట్టెకు లైసెన్సు కట్టి, దానికో కుట్టుపని గుడ్డ కప్పి, హాల్లో బల్లమీద దేవుడి పటంలా వుంచుకునేవారు. దాని చెవి ఎటు తిప్పినా సర్కారువారి గొంతే ముందు పలికేది.

అయితే ఆ పీటను సర్కారువారే ఒకసారి చేజేతులా పోగొట్టుకున్నారు సుమండీ. కేంద్రంలో సమాచార ప్రసారశాఖ మంత్రిగా వున్న కేస్కర్ గారికి 1952 ప్రాంతాల్లో సినిమా పాట గిట్టలేదు. ఆకాశవాణిలో సినిమా పాటలు మూగబోయాయి. జనం ఊరుకుంటారా? రేడియో చెవి తిప్పి సముద్రం అవతల సిలోను పెట్టుకున్నారు. ఆ శ్రోతల్ని వెనక్కి పిలుచుకోవడానికే 1957లో వివిధభారతి పుట్టింది. అప్పుడు పీట లాగేసినవారెవరూ లేరు. కూర్చున్నవారే లేచి వెళ్ళిపోయారు. ఇప్పటి గొడవ చెప్పేముందు ఇది మరిచిపోకూడదనిపించింది.

తరువాత టెలివిజన్ వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు బొమ్మల ప్రసారం జరిగింది. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977 అక్టోబరులో హైదరాబాదు కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది. 1983 నవంబరులో శాంతిస్వరూప్ గారు తెలుగులో వార్తలు చదవడం మొదలుపెట్టారు. ఎదురుగా తెరమీద అక్షరాలు నడిచే యంత్రం లేని రోజులవి. 2024లో ఆయన పోయారన్న వార్త విని మా అత్తగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నా చిన్నతనం అమీర్‌పేటలో గడిచింది. 1987లో రామాయణం వచ్చే ఆదివారం పొద్దున పక్కింటివారి హాల్లో చాప వేసుకుని పాతికమందిమి కూర్చునేవాళ్ళం. చిత్రలహరి వచ్చే సాయంత్రమైతే ఇంట్లో పప్పు మాడినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. తమాషా ఏమిటంటే, అన్నపూర్ణ స్టూడియో 1976లో ఈ బండల మధ్య వెలిసింది. 1980లలో ఫిలింనగర్ వైపు మిగిలిన స్టూడియోలు వచ్చాయి. మద్రాసు నుంచి సినిమావాళ్ళు మెల్లమెల్లగా ఇక్కడికి చేరుతున్న ఆ రోజుల్లో, వాళ్ళ పాట మన ఇంట్లోకి రావాలంటే దూరదర్శన్ గుమ్మం దాటి రావలసిందే.

గుమ్మం మారింది 1990లలో. గల్ఫ్ యుద్ధం తరువాత వీధి వీధికీ కేబుల్ తీగలు వచ్చాయి. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. అప్పుడు జరిగిన ఒక సంగతి మనబోటివాళ్ళకు తెలియనే తెలియదు. పాత టీవీలు కొన్ని మీటలవే కదండీ, అన్ని చానళ్ళనూ పట్టుకోలేకపోయేవి. మొదటి వరసలో వున్నవి అద్దంలా కనబడేవి, పై వరసలోవి చుక్కలు చుక్కలుగా వచ్చేవి, లేకపోతే అసలే వచ్చేవి కావు. ఏ చానల్‌ను ఏ వరసలో వుంచాలన్నది కేబుల్ అతని చేతిలో వుండేది. అంటే పీట వేసేది అతనే. దూరదర్శన్‌కు ఆ పీట దక్కుతుందన్న భరోసా ఏమిటి? అందుకని 1995 కేబుల్ చట్టంలో, ప్రతి కేబుల్ అతనూ కనీసం రెండు దూరదర్శన్ చానళ్ళు ఇచ్చి తీరాలని రాశారు. ఇవ్వడమైతే ఇస్తాడు, మూలన పడేస్తే? 2000లో ఆ చట్టాన్ని సవరించి, వాటితోపాటు ఆ రాష్ట్రపు భాషా చానల్ ఒకటి కలిపి, స్పష్టంగా కనబడే మొదటి వరసలోనే వుంచాలని గట్టిగా చెప్పారు. పెళ్ళికి పిలిచామంటే సరిపోదు, మొదటి పంక్తిలో విస్తరి వేయాలన్నమాట!

2004 డిసెంబరులో నెలచందా లేని డిష్ పథకం వచ్చింది. ఇప్పుడు ఫ్రీడిష్ అంటున్నామే, అదే. 2007లో క్రికెట్‌లాంటి ముఖ్యమైన ఆటల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని ఇంకో చట్టం చేశారు. ఆ పంచుకున్న ఆట కేబుల్‌లో వచ్చే దూరదర్శన్‌కు చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఆ హక్కు యాంటెన్నాకూ ఫ్రీడిష్‌కూ పరిమితమైంది.

ఇక మన కొత్త టీవీ దగ్గరికి వద్దాం. కేబుల్ చట్టం కేబుల్ పెట్టెకు వర్తిస్తుంది. మా పెట్టెలోనూ చట్టప్రకారం దూరదర్శన్ వుంది. కాని టీవీ వేయగానే కనబడే మొదటి గది ఆ పెట్టెది కాదు. టీవీ తయారుచేసినవారిదీ, దానిలోపలి సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారిదీ ఆ గది. అక్కడ ఎవరి బొమ్మ ముందుండాలో వాళ్ళే నిర్ణయిస్తారు. రిమోటు మీద మీట ఊరికే రాదమ్మా, దాని వెనక డబ్బు ఒప్పందాలుంటాయి. గూగుల్ వారు టీవీ కంపెనీలకు తమ సరుకంతా ఒకే మూటగా అంటగడుతున్నారని మనదేశంలోనే ఫిర్యాదు వెళ్ళింది. 2025 ఏప్రిల్‌లో, ఇకపై తమ యాప్ దుకాణాన్ని మూటలో కలపకుండా విడిగా కూడా ఇస్తామనీ, 20.24 కోట్ల రూపాయలు కడతామనీ ఒప్పుకుని గూగుల్ రాజీ చేసుకుంది. తెర మీద జానెడు చోటుకు ఎంత విలువో చూడండి!

బ్రిటన్‌లో 2024 మే నెలలో చట్టం చేశారు. బీబీసీలాంటి ప్రజాప్రసార సంస్థల యాప్‌లు టీవీ తెరమీద సులువుగా కనబడేచోట వుండాలన్నది అందులో ఒక షరతు. ఆస్ట్రేలియావారూ అదే ఏడాది చట్టం చేసి, 2026 జనవరి నుంచి కొత్త టీవీలకు వర్తింపజేశారు. మనవారు ఇంకో దారి తొక్కారు. ఉపగ్రహ ప్రసారాన్ని అందుకునే సాధనం టీవీలోనే వుంటే, డిష్ తగిలించగానే విడిగా పెట్టె లేకుండా ఫ్రీడిష్ వచ్చేస్తుందని 2022లో దానికి ప్రమాణాలు ప్రకటించారు. 2024 నవంబరులో గోవాలో ప్రసారభారతి 'వేవ్స్' అనే యాప్ విడుదల చేసింది. యాప్ వచ్చింది బాగానే వుంది. వందల యాప్‌ల సంతలో అది ఎక్కడ కూర్చుంటుందన్నదే నా ప్రశ్న.

"చూసేవాళ్ళు లేరు కనుకనే వెనక్కి పోయింది" అన్నారు మావారు. అందులో నిజం లేకపోలేదు. దూరదర్శన్‌లో కొన్ని కార్యక్రమాలు చూస్తుంటే నాకూ ఆవలింతలొస్తాయి. పీట వేసినంత మాత్రాన విస్తట్లో రుచి రాదు. కాని తుపాను వచ్చినప్పుడు, పొలానికి పురుగు పట్టినప్పుడు, కూచిపూడి నాట్యమో హరికథో చూడాలనిపించినప్పుడు చందా అడగకుండా చెప్పే గొంతు ఒకటి వుండాలా వద్దా? ఆ గొంతు దొరకక చూడటం మానేసినవాళ్ళను, ఇష్టంలేక మానేసినవాళ్ళతో కలిపి లెక్కేస్తే ఎలా?

మన జూబిలీహిల్స్ వారికీ ఈ చింత తప్పలేదు. 2020 సెప్టెంబరులో నాని నటించిన 'వి' థియేటరు మెట్లెక్కకుండానే ప్రైమ్‌లో వచ్చింది. తెలుగుకంటూ 'ఆహా' మొదలైందీ ఆ ఏడాదే. ఒకప్పుడు దూరదర్శన్ గుమ్మం దగ్గర పాట పట్టుకుని నిలబడ్డవారు, ఇప్పుడు ఈ కొత్త గుమ్మం దగ్గర సినిమా పట్టుకుని నిలబడుతున్నారు.

మా అత్తగారి కోసం నేనో పని చేశాను. హోం మీట, కుడికి ఇన్నిసార్లు, కిందికి ఇన్నిసార్లు, ఆ తరువాత ఈ నంబరు అని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకుంటూ సొంతంగా యాదగిరి పెట్టుకుంటున్నారు. టీవీ దానంతటది సాఫ్ట్‌వేర్ మార్చుకున్నప్పుడల్లా లెక్క తప్పుతోంది. ఇప్పటికి ఆ కాగితం మూడుసార్లు తిరగరాశాను.