మంచు దగ్గర చదువుకున్న వైద్యుడు

డాక్టర్ జాన్ రే తన జీవితకాలంలో ప్రచురించిన పుస్తకం ఒక్కటే. 1846-47లో కెనడా ఉత్తరపు అంచున తాను చేసిన యాత్ర గురించి 1850లో లండన్‌లో వెలువరించిన గ్రంథమది. వీరరసం కోసం వెతికేవారికి అందులో నిరాశే ఎదురవుతుంది. ఎన్ని మైళ్లు నడిచారు, ఎన్ని దుప్పులు చిక్కాయి, పొయ్యిలోకి ఏమి దొరికింది వంటి సంగతులే ఎక్కువ. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివినవారికి ఈ ధోరణి కొత్తది కాదు. 1830లో చెన్నపట్నం నుంచి కదిలిన వీరాస్వామయ్యకూ, మూడేళ్ల తరువాత ఓడెక్కిన రేకూ పోలిక అక్కడితో ఆగదు. వీరాస్వామయ్య సుప్రీంకోర్టులో దుభాషి. రే జీవితంలోని అతిపెద్ద వివాదంలో ఒక దుభాషి మాట నమ్మదగినదా కాదా అన్నది ముఖ్యమైన ప్రశ్న అయింది.

రే 1813లో ఆర్క్నీ దీవులలో పుట్టాడు. స్కాట్లండ్ అనగానే మనసులో మెదిలే గళ్ల కిల్టులకూ, కొండకోనలకూ ఈ దీవులు దూరం. అక్కడ చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. పదిహేనో శతాబ్ది వరకు అవి స్కాట్లండ్‌లో భాగమే కావు, నార్వే ఏలుబడిలోవి. 1670లో ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీ ఓడలు అట్లాంటిక్ దాటబోయే ముందు అక్కడి స్ట్రామ్‌నెస్ రేవులో ఆగి మంచినీళ్లూ, మనుషులనూ ఎక్కించుకునేవి. పడవ నడపడం, చేపలు పట్టడం, చలికి ఓర్వడం తెలిసిన ఆర్క్నీ యువకులు తక్కువ జీతానికే దొరికేవారు. పద్దెనిమిదో శతాబ్ది చివరికి కెనడాలో కంపెనీ పనివారిలో నాలుగింట మూడువంతులకు పైగా వీరే. సరుకులు మోయడానికి నదులలో తిరిగిన యార్క్ బోట్లను చూస్తే ఆర్క్నీ చేపల పడవలు గుర్తుకొస్తాయి. వాటి వెనుక వైకింగుల ఓడల పోలిక కనిపిస్తుంది. బేర్ అనే పాతకాలపు బార్లీ పిండితో పెనంమీద కాల్చుకునే బానక్ రొట్టె కూడా స్కాట్లండ్ వారి వెంటే వచ్చింది. ఇక్కడ అది గోధుమపిండి రొట్టెగా మారి, ఆదివాసుల వంటలో ఎంతగా కలిసిపోయిందంటే, నేడు చాలామంది దాన్ని వారి సొంత వంటకంగానే ఎరుగుదురు.

ఎడింబరోలో వైద్యం చదివిన రే, ఇరవై ఏళ్లైనా నిండకుండానే, 1833లో ఓడ వైద్యుడిగా ఈ దారి పట్టాడు. తిరుగు ప్రయాణంలో మంచుగడ్డలు అడ్డుపడి ఓడ చార్ల్‌టన్ దీవి దగ్గర ఆ శీతాకాలమంతా చిక్కుకుపోయింది. నావికులకు స్కర్వీ పట్టుకుంది. చిగుళ్లు వాచి, పాత గాయాలు మళ్లీ తెరుచుకునే జబ్బు అది. మంచు కరుగుతున్న వేళ దాని అడుగున నిలిచివున్న క్రాన్‌బెర్రీ పండ్లను ఏరించి రే రోగులకు తినిపించాడు. సి విటమిన్‌ను శాస్త్రజ్ఞులు వేరుచేసి గుర్తించడానికి ఇంకా సుమారు నూరేళ్లు పట్టింది. ఒక్క ప్రయాణానికని వచ్చిన వైద్యుడు ఆ తరువాత మూస్ ఫ్యాక్టరీ అనే కంపెనీ స్థావరంలో పదేళ్లు ఉండిపోయాడు. వైద్యం చేస్తూ, తీరిక వేళల్లో క్రీ ప్రజల దగ్గర మంచుమీద నడిచే స్నోషూలు అల్లడం, వాటితో నడవడం, వేటాడటం, మాంసాన్ని చెడకుండా దాచుకోవడం నేర్చుకున్నాడు. కంపెనీ ఉద్యోగులలో ఈ విద్య కొద్దో గొప్పో చాలామందికి తెలుసు. దాన్ని శాస్త్రంలాగా శ్రద్ధగా చదివినవాడు రే. తరువాతి కాలంలో హామిల్టన్‌లో ఉన్నప్పుడు స్నేహితుల ఇంట భోజనానికి నలభై మైళ్ల దూరంలోని టొరాంటోకు స్నోషూల మీద వెళ్లాడని చెప్పుకుంటారు.

1846లో ఆయన రెండు చిన్న పడవలతో, పదిమందికి పైగా మనుషులతో ఆర్కిటిక్ వృత్తం మీదున్న రిపల్స్ బే చేరాడు. దాని నేటి పేరు నౌయాట్. తెచ్చుకున్న తిండి ఆ చలికాలానికి చాలదు. మిగిలినదంతా వేటాడి సంపాదించుకోవలసిందే. అక్కడ కట్టెలు లేవు. నేలను పాకే ఒక చిన్న మొక్కను మంచు పడకముందే కోసి కుప్పలు పోసి, దానితో వంట చేసుకున్నారు. రాతి ఇల్లు కట్టుకున్నారు గాని ఇనూయిట్ల మంచు ఇల్లే మేలని రేకు త్వరలోనే బోధపడింది. ప్రయాణంలో ఇగ్లూను మోయనక్కరలేదు, ఏ మజిలీకామజిలీ కట్టుకోవచ్చు. గుడారంలోనైతే ఊపిరి తేమ పక్కబట్టలమీద గడ్డకట్టి బరువెక్కుతుంది. ఇగ్లూలో దాన్ని మంచుగోడ పీల్చుకుంటుంది. స్లెడ్జి కింది పట్టీలకు నీళ్లు పోసి మంచుపూత పూస్తే లాగడం తేలికవుతుందన్నదీ ఇనూయిట్లు చెప్పినదే.

ఇదే కాలంలో బ్రిటిష్ నౌకాదళం ఇదే ఉత్తరానికి మరొక పద్ధతిలో వెళ్లింది. 1845 మేలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరిబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో బయలుదేరాడు. మూడేళ్లకు సరిపడా డబ్బాల ఆహారం, వెండి చెంచాలు, గ్రంథాలయం అన్నీ ఉన్నాయి. వేటగాళ్లుగాని, దారి తెలిసిన ఇనూయిట్లుగాని లేరు. మంచులోకి వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వారికోసం ఎన్నో ఓడలు వెతికాయి. ఆనవాళ్లు కొన్ని దొరికాయి గాని, వారికి ఏమైందో తెలియలేదు.

1854లో రే వెళ్లినది తీరరేఖ కొలవడానికి. పెల్లీ బే దగ్గర ఎదురైన ఒక ఇనూయిట్ తలకు బంగారు పట్టీ ఉంది. ఎక్కడిదని అడిగితే, పడమట ఎక్కడో ఆకలితో చచ్చిన తెల్లవారిదన్నాడు. ఆ తరువాత మరికొందరు చెప్పిన మాటలను దుభాషి విలియం ఊలిగ్‌బక్ సాయంతో రే మళ్లీ మళ్లీ అడిగి సరిచూసుకున్నాడు. ఫ్రాంక్లిన్ సొంత పతకాన్నీ, పేర్ల తొలి అక్షరాలు చెక్కిన చెంచాలనూ కొన్నాడు. ఆకలి చివరికి వారిని తోటివారి శవాలను తినేదాకా తెచ్చిందని కూడా విన్నాడు. విన్నది విన్నట్టు నౌకాదళానికి రాశాడు. అది 1854 అక్టోబరు 23న టైమ్స్ పత్రికలో అచ్చయింది.

ఇంగ్లండ్ ఉలిక్కిపడింది. ఫ్రాంక్లిన్ భార్య లేడీ జేన్ కోరికపై చార్లెస్ డికెన్స్ కలం పట్టాడు. తన పత్రిక హౌస్‌హోల్డ్ వర్డ్స్‌లో, ఇంగ్లీషు నావికులు అటువంటి పని చేయరనీ, అనాగరికుల మాట నమ్మరాదనీ, దుభాషి కల్పించి చెప్పివుంటాడనీ వాదించాడు. పేదవాడి పక్షాన అంతటి కథలు రాసిన మనిషి ఇక్కడ విచారణ లేకుండానే తీర్పు చెప్పాడు. రే అదే పత్రికలో జవాబిచ్చాడు: ఊలిగ్‌బక్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు, ఇనూయిట్ల నడత తాను ఎరుగుదును, వారు అబద్ధమాడవలసిన అవసరం లేదు. ఆ జవాబులో పదునుకన్నా నిజాయితీ ఎక్కువ. డికెన్స్ గద్యం ముందు అది తేలిపోయింది. ప్రభుత్వం 1856లో 10,000 పౌండ్ల బహుమానాన్ని రేకూ ఆయన మనుషులకూ ఇచ్చింది గాని, సర్ బిరుదు ఎన్నడూ ఇవ్వలేదు. ఆ యాత్రలోనే ఆయన గుర్తించిన జలసంధి, నేటి రే స్ట్రెయిట్, గుండా వెళ్లే 1903-06లో అముండ్‌సెన్ తొలిసారిగా వాయవ్య మార్గాన్ని ఓడలో దాటాడు.

ఇనూయిట్ల మాటకు ఎముకలు సాక్ష్యం చెప్పడానికి చాలాకాలం పట్టింది. కింగ్ విలియం దీవిలో దొరికిన నావికుల అస్థికలమీద కత్తిగాట్లు ఉన్నాయని 1997లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. 2014లో ఎరిబస్, 2016లో టెర్రర్ సముద్రం అడుగున దొరికాయి. ఎరిబస్ దొరికిన చోటు ఇనూయిట్లు తరతరాలుగా చెబుతూ వచ్చినదానికి దగ్గరలోనే ఉంది. 2024లో, కత్తిగాట్లున్న ఒక దవడ ఎముక ఎరిబస్ కెప్టెన్ ఫిట్జ్‌జేమ్స్‌దని డీఎన్‌ఏ ద్వారా తేలింది. రేను మళ్లీ పాఠకలోకానికి చేరువ చేసిన ఘనత కెనడా రచయిత కెన్ మెక్‌గూగన్‌ది. 2001లో వచ్చిన ఆయన గ్రంథం 'ఫేటల్ పాసేజ్' అక్కడక్కడా కథానాయకుడిమీద మితిమీరిన మమకారం చూపుతుంది. నూటయాభై ఏళ్ల మౌనం తరువాత ఆ మాత్రం పక్షపాతాన్ని క్షమించవచ్చు.

రే 1893లో లండన్‌లో చనిపోయాడు. ఆర్క్నీలోని కర్క్‌వాల్‌లో, సెయింట్ మాగ్నస్ కెథడ్రల్ ఆవరణలో ఆయనను సమాధి చేశారు. లోపల ఆయన శిల్పం ఉంది. గుర్రంమీద లేదు, కత్తి దూసి లేదు. కాళ్లకు తోలు చెప్పులతో, పక్కన తుపాకీ, ఒక పుస్తకం పెట్టుకుని, ఆరుబయట మజిలీలో పడుకున్నట్టుగా నిద్రపోతున్నాడు.