రహీం సాబ్ పెట్టిన పరీక్ష

కరీంనగర్ జిల్లాలో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి నేను. సెలక్షన్స్ రోజున ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఇంకో చేతిలో మార్కుల షీటు ఉండేవి. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ స్పోర్ట్స్ స్కూళ్లకు నాలుగో తరగతి పిల్లల్ని ఎంచేది అట్లానే. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, అన్నింటికీ మార్కులే. ఆ వయసులో ఎవరికి ఏ ఆట వస్తుందో తెలియదు, ఒంట్లో సత్తా కొలవడం సబబే. కానీ బంతి కాలికి తగిలాక ఆటగాణ్ణి ఎట్లా తూచాలో షీటు చెప్పదు.

అది చెప్పినాయన సయ్యద్ అబ్దుల్ రహీం. మన జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్ననాటి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఆయన డ్రిబ్లింగ్ చేయొద్దన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు. కొన్నింట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. అంటే ఎవడికి ఏది బాగా వస్తుందో దాన్నే తీసేసి, మిగిలిందెంతో చూడటం. డ్రిబ్లింగ్ లేకపోతే బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసిపెట్టుకోవాలి. నేను మా గ్రౌండ్లో వాటం లేని కాలి షరతు పెడితే, ఎప్పుడూ గోల్స్ కొట్టే పిల్లగాడు బంతి ముందు నిలబడి "సార్, ఒక్కసారి కుడికాలుతో కొడతా" అని బతిమాలాడు. వాడికి ఏం నేర్పాలో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

రహీం సాబ్ లెక్కలో జేబు కూడా ఉండేది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రాలేనంటే, సైకిల్ కిరాయికి రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టుకు ఆడాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. షీటు చూసేవాళ్లయితే పక్కన కూర్చోబెట్టేవాళ్లు. రహీం సాబ్ అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో కేన్సర్ రహీం సాబ్‌ను తీసుకుపోయింది.

మన పక్క నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) అవార్డు అందుకుంది. ఇక్కడి పిల్లలకు సత్తా తక్కువ కాదు. పీఈటీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక్కటే మనవి. స్టాప్‌వాచ్ పక్కన పెట్టమనను. వారానికొక ఆట మాత్రం రహీం సాబ్ షరతుతో ఆడించండి. ఎవరు ఏ పాస్ ఇచ్చారో రాసిపెట్టండి. రాలేని పిల్లను ఎందుకు రాలేదో అడగండి.