మాచనూర్ టవరు మూగగా ఉన్న పదేళ్లు

1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 మన పల్లెలకు టీవీ బొమ్మ దింపడం మొదలుపెట్టింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. చాలాచోట్ల ఊరికంతటికీ అదే మొదటి టీవీ. పక్కనే మూడు మీటర్ల యాంటెన్నా. దాన్ని కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేశారు. విక్రమ్ సారాభాయ్ కలగన్న ‘సైట్’ ప్రయోగం ఇదే. ఇంజినీరింగ్ పరంగా ఇప్పటికీ ముచ్చటేసే పని. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారై, ఉపగ్రహం మీదుగా ఊరికి చేరేవి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ అన్నీ చెప్పారు. ఊరు కూర్చుని వింది. తిరిగి ఒక్క మాట పైకి పంపే దారి ఆ ఏర్పాటులో లేదు. సరిగ్గా ఏడాదికి ఉపగ్రహం వెళ్లిపోయింది, బొమ్మా ఆగిపోయింది.

ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాతల్లో మైసూరు వాసి పి.వి. సతీష్ ఒకరు. 1983లో ఆయన కొందరు మిత్రులతో కలిసి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. అక్కడి ఊరూరి సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరమో రెండెకరాలో ఎర్రనేల ఉన్నవాళ్లు. వానమీదే ఆధారపడే ఆ నేలలో ఒకే చేలో పదిహేను ఇరవై రకాల పంటలు కలిపి పండించగల వాళ్లు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుము... ఏ విత్తనం పక్కన ఏది వేయాలో, ఏ కార్తెలో వేయాలో వాళ్లకు తెలిసినంతగా ఏ వ్యవసాయాధికారికీ తెలియదు. అయినా రేడియోలో మాట్లాడేది అధికారులే, అదీ సర్కారు ఎరువుల గురించి.

యునెస్కో సాయంతో 1990ల చివర్లో ఈ మహిళలు మైకు, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. గుర్తులతో, బొమ్మలతో నేర్చుకున్నారు. కెమెరా కోణాలకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు: ఒకరు పైన, ఒకరు కింద ఉన్నట్టు కనిపించే దొర చూపు పటేల్ షాట్, కళ్లకు కళ్లు ఎదురుగా ఉండేది సంఘం షాట్. సినిమా బడిలో ఏ పాఠమూ ఇంత సూటిగా ఉండదనిపిస్తుంది. తర్వాత ఈ కెమెరాలే వరంగల్ బీటీ పత్తి రైతుల గోడును ఏళ్ల తరబడి చిత్రించాయి.

1998 నాటికి ఆ సంఘాల ఊళ్లలో ఒకటైన మాచనూర్‌లో రేడియో స్టూడియో లేచింది, టవరూ నిలబడింది. ప్రసారం మాత్రం లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం గాలిలో తరంగాలు సర్కారువి. విచిత్రమేమిటంటే, ఆ అడ్డు తొలగే దారి అప్పటికే ఒక క్రికెట్ గొడవలో తెరుచుకుంది. హీరో కప్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘంతో నడిచిన కేసులో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. తీర్పునిచ్చిన ముగ్గురిలో పి.బి. సావంత్, బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ప్రభుత్వం దాన్ని అమల్లో పెట్టిన తీరు వేరు. ముందుగా లాభపడ్డవి ప్రైవేటు ఎఫ్‌ఎంలు. 2002 చివర్లో కమ్యూనిటీ రేడియో విధానం వచ్చినా అది విద్యాసంస్థలకే. ఊరి ఆడవాళ్లకు తలుపు తీయడానికి 2006 నవంబరు దాకా పట్టింది.

ఈలోగా కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో చవక ట్రాన్స్‌మిటర్‌తో ‘మన రేడియో’ నడిపారు. ఊరు దాటితే వినపడనంత చిన్నది. 2003లో అధికారులు వచ్చి మూయించారు. దేశ భద్రతకు ఆ బుల్లిపెట్టె ఏం హాని చేసేదో!

మాచనూర్ మహిళలు ఊరుకోలేదు. విత్తనాలు, ఆకు మందులు, పాటలు, కూలి ముచ్చట్లు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. అలా పదేళ్లు. యంత్రం ఉంది, నడిపే చేయి ఉంది, చెప్పే సంగతి ఉంది. లేనిదల్లా ఢిల్లీ నుంచి ఒక కాగితం. కొత్త సాంకేతికత పల్లెకు ఆలస్యంగా చేరుతుందనే మాట ఈ చరిత్ర ముందు నిలవదు. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినవారు జస్టిస్ సావంత్. సొంత వార్తలు మాత్రం చెప్పకూడదు, అది లైసెన్సు షరతు.

అదే కాలంలో, పెద్దగా చప్పుడు లేకుండా ఇంకో పని జరిగింది. అనంతపురం, ప్రకాశం, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే భూగర్భజల లెక్కలు రాశారు. నెదర్లాండ్స్ నిధులతో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా సాగిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహిత భూగర్భజల వ్యవస్థలు) ప్రాజెక్టు అది. వానమాపకంలో రోజూ వర్షం కొలవడం, బోరులోకి టేపు దించి నీటిమట్టం చూడడం, డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో గడియారం పట్టి బోరు పోత లెక్కకట్టడం. రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎంత నీరుంది, వేయదలచిన పంటలకు ఎంత కావాలి అని లెక్క తేల్చేవారు. వరి వేయవద్దని ఎవరూ శాసించలేదు, జరిమానాలూ లేవు. లెక్క చూసి కొందరు వరి మానారు. మరికొందరు మానలేదు. ఎంత నీరు మిగిలిందన్నదానిపై తర్వాత పరిశోధకుల మధ్య గట్టి వాదనే నడిచింది. ప్రాజెక్టు నివేదికల్లోని ఉత్సాహాన్ని యథాతథంగా నమ్మకపోవడమే మంచిది. అయితే నీటిమట్టం అనే మాట భూగర్భజల శాఖ ఫైలు నుంచి రైతు నోట్‌బుక్కులోకి వచ్చింది, దాంట్లో వాదన లేదు.

2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వారి ఈ-సాగు మరో దారి తొక్కింది. వరంగల్ జిల్లా పత్తి చేలను ఊరివాళ్లు ఫొటోలు తీసి పంపితే, నగరంలో కూర్చున్న నిపుణులు సలహాలిచ్చేవారు. చురుకైన పద్ధతే, రైతుకు వేళకు సలహా దొరికింది. నిపుణుడు మాత్రం మళ్లీ నగరంలోనే ఉన్నాడు.

ఇప్పుడు ఫోనులో ఆకు ఫొటో పెడితే కృత్రిమ మేధ తెలుగులో తెగులు పేరు చెబుతోంది. ఆ సలహా ఎవరి చేల ఫొటోలతో నేర్చుకున్నదో, అది తప్పినప్పుడు సరిదిద్దే వీలు రైతుకు ఉందో లేదో, ముందు అడగాల్సిన ప్రశ్నలు అవే. ఆ వీలు సైట్‌లో లేదు, ఏపీఎఫ్ఏఎంజీఎస్‌లో ఉంది. బోరులోకి దించిన టేపు ఎవరైనా మళ్లీ దించి చూసుకోవచ్చు.