కృత్రిమ స్తనమున ముడుతలు: ఒక శస్త్రవైద్య చరిత్ర

చార్మినారునుండి పత్తర్‌గట్టీ మీదుగా ఉత్తరమునకు నడచి నయాపూల్ దాటినచో, మూసీనది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు కనబడును. ఆ చోటికి అఫ్జల్‌గంజ్ అని పేరు. ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా కాలమున, 1866లో, ఇచ్చట నెలకొన్న ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో ధ్వంసమైనది. తరువాత విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి రూపకల్పన ననుసరించి కట్టిన గుమ్మటముల భవనము 1925 నాటికి పూర్తియయ్యెను.

ఈ ఆసుపత్రి పేరు ఎరుగని కుటుంబము పాతనగరమున ఉండదు. కాని శస్త్రవైద్య ప్రపంచమంతయు తర్కించిన ఒక ప్రశ్నను అఫ్జల్‌గంజ్ వైద్యులే పరీక్షకు పెట్టిరన్న సంగతి చాలమందికి తెలియదు. ఆ ప్రశ్నతో ఆరంభించి, నేడు కొందరు స్త్రీలు లోలోన బాధపడుచు నోరువిప్పి చెప్పుకొనజాలని ఒక విషయమునకు రావలెనని మా సంకల్పము. కాన్సరు వలన స్తనమును కోల్పోయి దాని స్థానమున కృత్రిమ స్తనమును అమర్చుకొన్నవారికిని, ఇతర కారణములచే అట్టిది అమర్చుకొన్నవారికిని, చర్మముపై అలలవంటి ముడుతలు కనబడుట కలదు. అవి ఏల కలుగును? వానిని ఎట్లు సరిదిద్దుదురు? ఈ రెండు ప్రశ్నలకును చరిత్ర మంచి సమాధానమునే ఇచ్చుచున్నది.

మత్తుమందు లేని కాలమున స్తనమును కోయుట యన్న, నలుగురు రోగిని అదిమి పట్టుకొనియుండగా వైద్యుడు నిమిషములలో ముగింపవలసిన పని. ప్రాణము దక్కుటయే గగనమైనపుడు రూపము మాట ఎవరికి తోచును? 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వాడుకలోనికి వచ్చినపిమ్మట వైద్యుని చేతికి తీరిక చిక్కినది. కాని క్లోరోఫారము పీల్చిన రోగులలో కొందరు బల్లమీదనే ప్రాణములు విడిచిరి. ముందు ఆగునది ఊపిరియా, గుండెయా? అదియే నాటి వివాదము.

1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డు లారీ, ముందు ఆగునది ఊపిరియే యని దృఢముగా నమ్మెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వపు ధనసహాయముతో 1888లో మొదటి క్లోరోఫారము కమిషను, 1889లో రెండవది పనిచేసినవి. రెండవదానికి లండను నగరపు లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అను వైద్యుని పంపెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, లారీ మాటయే సరియని తీర్మానించిరి. ఆ కాలమున హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు నిచ్చు విద్యలో ప్రసిద్ధికెక్కిన తొలి మహిళలలో ఒకరైరి.

అయితే 1911లో లెవీ అను పరిశోధకుడు, క్లోరోఫారము తేలికగా పట్టిన దశలో గుండె లయ చెదరి హఠాత్తుగా ఆగిపోవుట కలదని చూపెను. అంతమాత్రమున హైదరాబాదు పరీక్షలు వ్యర్థములు కాలేదు. మత్తులోనున్న రోగి ఊపిరిని ఏమరక గమనింపుడను వారి హెచ్చరిక ఈనాటికిని చెల్లుచున్నది. కాని ఒక పదార్థము దేహమున ఏమి చేయునో ఒక్కమారు పరీక్షించి తీర్పు చెప్పి ఊరకుండరాదని దీనివలన తేలినది. కృత్రిమ స్తనముల చరిత్రలో ఈ పాఠము మరల మరల ఎదురగును.

పోయిన రూపమును నిలబెట్టు విద్యకు వచ్చినచో, మనదేశమునకు అందు పెద్దపీట కలదు. ముక్కు తెగినవానికి ఆకుతో కొలత తీసి, చెక్కిలి చర్మమును అంతమేర కోసి, ఒక కొస దేహమును అంటియుండగనే దానిని ముక్కుపైకి చేర్చు విధమును సుశ్రుతసంహిత చెప్పుచున్నది. 1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసైన్యమునకు ఎడ్లు తోలు కవాస్జీ అనునతడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. సుమారు ఏడాది తరువాత పూనా వద్ద ఇటుకలు చేయు కులమునకు చెందిన యొకడు అతని నుదుటి చర్మమును త్రిప్పి క్రొత్త ముక్కు నమర్చెను. ఈ వార్త 1794లో లండను నగరపు జెంటిల్మన్స్ మాగజైనులో అచ్చయ్యెను. దానిని చదివిన ఆంగ్ల వైద్యుడు కార్పూ 1814లో అట్టి చికిత్సనే అచ్చట చేసెను. నెత్తురు పారు వేరు తెగకుండ, తన దేహమునందలి మాంసచర్మములతోనే లోటును కప్పుట ఈ విద్యకు మూలసూత్రము. దీనిని మనస్సున ఉంచుకొనవలెను.

స్తనమునకు రూపము నిచ్చు తొలి ప్రయత్నము కూడ ఈ మార్గముననే జరిగినది. జర్మనీలోని హైడెల్బర్గున చెర్నీ అను వైద్యుడు, ఒక గాయనికి స్తనములోని గడ్డను తీసివేసి, ఆమె నడుము ప్రాంతమునందలి క్రొవ్వు గడ్డను ఆ ఖాళీలో అమర్చినట్లు 1895లో ప్రకటించెను. తరువాతివారు సులభమార్గములు వెదకిరి. కరగించిన పారఫిన్ మైనమును సూదితో ఎక్కించిరి. అది గడ్డలు కట్టి, చర్మమును పుండు చేసి, ఇతర భాగములకు ప్రాకెను. 1950 దాటిన పిమ్మట కృత్రిమ స్పాంజీలను అమర్చిరి. అవి కుంచించుకొని రాయివలె గట్టిపడెను. 1962లో అమెరికాలోని హ్యూస్టను నగరమున క్రోనిన్, జెరో అను ఇరువురు వైద్యులు సిలికోను తిత్తిలో సిలికోను జెల్ నింపి మొదటిసారి ఒక మహిళకు అమర్చిరి. కొలదికాలమునకే ఫ్రాన్సున ఆరియన్ అను వైద్యుడు ఉప్పునీటితో నింపు తిత్తిని వాడుకలోనికి తెచ్చెను. నేటి కృత్రిమ స్తనములన్నియు ఈ రెండు వంశములకు చెందినవే.

ఇక ముడుతల సంగతి. పూర్వము పాతనగరపు వీధులలో భిస్తీలు మేకతోలు తిత్తులలో నీరు మోసెడివారు. తిత్తి నిండుగా ఉన్నంతవరకు నున్నగా ఉండును. నీరు తరుగుకొలది పైభాగమున మడతలు పడును. ఆ మడతలపై పలుచని మల్లుగుడ్డ కప్పినచో ప్రతి గీతయు పైకి తెలియును. దూది బొంత కప్పినచో ఒక్కటియు తెలియదు. కృత్రిమ స్తనము విషయమును ఇంతియే. మడత తిత్తిది, అది కంటబడుట మాత్రము కప్పు పలుచదనము వలన.

వైద్యులు చెప్పు కారణములు ముఖ్యముగా నాలుగు. మొదటిది, తిత్తి నిండకుండుట, లేక దానిలోని పదార్థము మరీ పలుచనగుట. నిలుచున్నపుడు అది క్రిందికి జారగా పైఅంచు ముడుచుకొనును. చిక్కని జెల్ కంటె ఉప్పునీటి తిత్తులలో ఇది ఎక్కువ. రెండవది, చర్మము క్రింది క్రొవ్వు తక్కువగుట. సన్నని దేహము కలవారికి, బాగుగా చిక్కినవారికి, కాన్సరు చికిత్సలో స్తనగ్రంథి యంతయు తొలగింపబడినవారికి కప్పు మిగుల పలుచన. మూడవది, తిత్తిని ఛాతీ కండరమునకు పైన అమర్చుట. కండరము క్రింద నమర్చినను, అది కప్పని ప్రక్కభాగమున, అడుగుభాగమున ముడుతలు చేతికి తగులవచ్చును. ముందుకు వంగినపుడు కంటికిని కనబడవచ్చును. నాలుగవది, లాగుడు. దేహము పరాయి వస్తువు చుట్టును ఒక నారపొరను అల్లుకొనును. ఆ పొర బిగిసినచో తిత్తి నలుగును. గరుకు తిత్తికి అది అంటుకొని, తిత్తి బరువుచే క్రిందికి లాగబడినచో, పైచర్మముకూడ లోపలికి ముడుచుకొనును.

ఈ లోపము ప్రబలుటకు చట్టము కూడ కొంత దోహదము చేసినది. సిలికోను జెల్ భద్రతపై సందేహములు చెలరేగగా, 1992లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ దాని వాడుకను పునర్నిర్మాణము వంటి సందర్భములకు, పరిశోధన నియమములకు లోబడి, పరిమితము చేసెను. 2006లో మరల అనుమతి లభించువరకు అచ్చటి స్త్రీలలో అధికులకు ఉప్పునీటి తిత్తులే గతియైనవి. వానితోపాటు ముడుతల ఫిర్యాదులును వచ్చినవి. నారపొర బిగియకుండుటకై తెచ్చిన గరుకు తిత్తుల కథ మరియొకటి. వాని చుట్టునున్న పొరలో అరుదుగా ఒక జాతి లింఫోమా కాన్సరు పుట్టుట కలదని తేలి, 2019లో ఒక రకపు గరుకు తిత్తులను ప్రపంచమంతట వాడుకనుండి వెనుకకు తీసికొనిరి. ఒక లోపమును తీర్పబోయిన సాధనము వేరొక లోపమును తెచ్చెను. అఫ్జల్‌గంజ్ పాఠము ఇదియే కదా!

సరిదిద్దు మార్గములును కారణములను బట్టియే ఏర్పడినవి. ఉప్పునీరు తక్కువైనచో తయారీదారు నిర్ణయించిన హద్దులో మరికొంత నింపుదురు. లేక చిక్కని జెల్ గల తిత్తిని మార్చి అమర్చుదురు. కండరముపైనున్న దానిని కండరము క్రిందికి చేర్చుదురు. పైభాగమును కండరముతోను, క్రిందిభాగమును స్తనగ్రంథితోను కప్పు పద్ధతిని టెబెట్స్ అను వైద్యుడు 2001లో వివరించెను. శస్త్రచికిత్సకు ముందే పైభాగపు చర్మమును వ్రేళ్ళతో పట్టి కొలిచి, మందము 2 సెంటీమీటర్లకు తక్కువైనచో కండరపు కప్పు వలయునని వారి సూచన. ఆ 2001లోనే డంకన్ అను వైద్యురాలు, దానము చేయబడిన మానవచర్మమునుండి కణములను తొలగించి మిగిల్చిన అల్లికను తిత్తికిని చర్మమునకును నడుమ పరచి ముడుతలను కప్పు విధానమును ప్రకటించిరి.

కాని వీనన్నిటికంటె మాకు గమనింపదగినదిగా తోచునది, శస్త్రవైద్యము మరల సొంతమాంసమునకు తిరిగివచ్చుట. వీపు కండరమును నెత్తురువేరుతో సహా ముందుకు త్రిప్పి ఛాతీని కప్పు విధానమును ఇటలీ వైద్యుడు టాన్సీని 1906లోనే వర్ణించెను. మరుగునపడిన ఆ పద్ధతి 1970 తరువాత మరల వెలుగులోనికి వచ్చెను. 1982లో హార్ట్రాంఫ్ అను వైద్యుడు పొట్ట దిగువ చర్మమును, క్రొవ్వును పైకి తెచ్చి స్తనమును రూపొందించు విధానమును ప్రకటించెను. నుదుటి చర్మమును ముక్కునకు త్రిప్పిన పూనా వైద్యునికి ఇది వింతగా తోచియుండదు.

క్రొవ్వును సన్నని గొట్టముతో తీసి ముడుతల క్రింద కొంచెము కొంచెముగా నింపు పద్ధతియు నేడు విరివిగా వాడుకలో నున్నది. అట్లు నింపిన క్రొవ్వు గడ్డకట్టి కాన్సరు పరీక్షలను తికమక పెట్టునని భయపడి 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జనుల సంఘము దానిని కూడదనెను. పరీక్షా యంత్రములును అనుభవమును పెరిగిన మీదట, 2009లో జాగ్రత్తతో చేయవచ్చునని అభిప్రాయము మార్చుకొనెను. నింపిన క్రొవ్వులో కొంత కరగిపోవును గనుక ఒక్కమారుతో పని ముగియకపోవచ్చును.

కాబట్టి ఈ శస్త్రచికిత్స తలపెట్టిన సోదరీమణులు, వారి ఇంటివారు, వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు: నా చర్మపు మందమెంత? తిత్తి ఏ పొర క్రింద ఉండును? లోపల నింపునది ఏమి? ముందుముందు మార్పవలసివచ్చునా? ఏలయన ఏ తిత్తియు యావజ్జీవము నిలుచునది కాదు. ముడుత తనంతట తాను ప్రాణాపాయము కాదు. కాని ఉన్నట్లుండి క్రొత్త ముడుతలు పడినను, స్తనము కుంగినను, వాచినను తిత్తి చిల్లుపడినదేమో, మరియొక వ్యాధి కలదేమో పరీక్షింపవలెను. జెల్ తిత్తి చిల్లుపడినది పైకి తెలియకపోవచ్చును. ఛాయాపరీక్షలే దానిని పట్టును. ఇక సహజ స్తనమున చర్మము సొట్టపడినచో, ముడుచుకొన్నచో అది వేరు సంగతి. కాన్సరు చిహ్నము కావచ్చును గనుక ఆలసింపక వైద్యుని చూడవలెను. భారతదేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో నేడు స్తనకాన్సరే ప్రథమస్థానమున ఉన్నది.

సిగ్గువలన చెప్పక దాచిన బాధకు ఏ శాస్త్రమును మందు వేయజాలదు. రోగమునుండి బయటపడిన స్త్రీ తన రూపమును గూర్చి అడిగినపుడు, బ్రతికితివి చాలదా యనుట మన ఇండ్లలో తరచుగా వినబడు మాట. ముక్కు పోయిన ఎడ్లవానికి ఆ మాట చెప్పి పంపివేసియుండినచో, పూనాలోని ఆ పనివాని విద్య లోకమునకు తెలిసియుండెడిది కాదు.