వాపిటి నుంచి తేజస్ దాకా

1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్ స్థావరంలో భారత వాయుసేన మొదటి దళం కొలువుదీరింది. ఉన్నవి నాలుగే విమానాలు. నాలుగూ ఒకే రకం, వెస్ట్‌లాండ్ వాపిటి. రెండంతస్తుల రెక్కలు, పైకప్పు లేని కాక్‌పిట్, ముందు పైలట్, అతని వెనుక మెషిన్‌గన్ పట్టుకుని మరో మనిషి. ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొంది వచ్చిన ఆ తొలి జట్టులో సుబ్రతో ముఖర్జీ ఒకరు. తర్వాతి కాలంలో వాయుసేనకు అధిపతి అయిన తొలి భారతీయుడు ఆయనే. విమానాల బాగోగులు చూసుకునే మనవాళ్లను అప్పట్లో హవాయ్ సిపాయిలు అనేవారు. వాయవ్య సరిహద్దు కొండల్లో వాపిటి చేయని పని లేదు. కింద నడిచే సైన్యానికి దారి చూసేది, ఫొటోలు తీసేది, ఉత్తరాల సంచులు జారవిడిచేది, అవసరమైతే బాంబులూ వేసేది.

ఇప్పుడు ఆ పనులన్నిటికీ వేర్వేరు విమానాలున్నాయి. శత్రు విమానాన్ని అడ్డుకునేది ఒకటి, సైనికుల్ని మోసుకెళ్లేది మరొకటి, సముద్రం అడుగున జలాంతర్గామిని వెతికేది ఇంకొకటి. ఈ రకాలను ఎవరూ కాగితం మీద గీతలు గీసి విడదీయలేదు. ఒక్కో యుద్ధంలో ఒక్కో లోటు బయటపడింది. ఆ లోటు తీర్చుకునే తొందరలో ఒక్కో రకం పుట్టింది. మన దేశం వరకూ వస్తే, ఆ లోటును చాలాసార్లు ఎత్తి చూపింది హిమాలయమే.

విమానానికి సైన్యం అప్పగించిన మొదటి పని చూడటం. 1911లో లిబియా కోసం ఇటలీ, టర్కీ కొట్లాడుకున్నప్పుడు అక్టోబర్‌లో ఇటలీ పైలట్లు గాల్లోంచి శత్రు శిబిరాలను చూసి వచ్చారు. చూడటంతో ఆగలేదు. నవంబర్ 1న జూలియో గావొట్టి అనే యువ లెఫ్టినెంట్ చిన్న బాంబులు వెంట తీసుకెళ్లి, ఒక చేత్తో విమానం నడుపుతూ మరో చేత్తో వాటిని కిందికి విసిరాడు. విమానం నుంచి బాంబు పడటం అదే మొదలు. ఎగిరే యంత్రం పుట్టి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి నిఘా విమానాన్ని ఆపడమే పెద్ద సమస్యైంది. పైలట్లు మొదట పిస్తోళ్లతో, తుపాకులతో ఒకరినొకరు కాల్చుకున్నారు. మెషిన్‌గన్‌ను ముందువైపు బిగిస్తే సొంత ప్రొపెల్లరే తునాతునకలవుతుంది. ఫ్రెంచ్ పైలట్ రోలాండ్ గారోస్ 1915లో ప్రొపెల్లర్ రెక్కలకు ఉక్కు పలకలు తొడిగి, తగిలిన గుళ్లు పక్కకు జారిపోయేలా చేశాడు. కొన్నాళ్లకే ఆయన జర్మన్లకు చిక్కాడు. ఆ ఏడాదే ఆంథోనీ ఫోకర్ సంస్థ ఇంకా మెరుగైన ఏర్పాటు చేసింది. ప్రొపెల్లర్ రెక్క గొట్టానికి ఎదురుగా వచ్చిన క్షణంలో తుపాకీ పేలకుండా ఇంజిన్‌కూ ట్రిగ్గర్‌కూ లంకె పెట్టింది. పైలట్ విమానాన్ని గురిపెడితే చాలు, తుపాకీ గురి కుదిరినట్టే. ఫైటర్ అన్న జాతి అక్కడ పుట్టింది. ఆ యుద్ధంలోనే కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్ 1918 జులైలో రెండు వారాలు తిరగకుండానే పది విజయాలు సాధించి, అదే నెల 22న గాల్లోనే ప్రాణాలు విడిచాడు. అప్పటికి ఆయన వయసు 19.

బాంబర్ పుట్టుక వేరే దారిలో సాగింది. రష్యాలో ఇగోర్ సికోర్‌స్కీ 1913లో తయారుచేసిన ఇల్యా మూరొమెత్స్ నాలుగు ఇంజిన్ల విమానం. మొదట తలపెట్టింది ప్రయాణికుల కోసం. లోపల కూర్చునే గది ఉంది, చలి తగలకుండా వేడి ఏర్పాటూ ఉంది. మరుసటేడు యుద్ధం రావడంతో అది బాంబులు మోయడానికి మళ్లింది. అదే సికోర్‌స్కీ తర్వాత అమెరికా వెళ్లి హెలికాప్టర్‌ను జనానికి పనికొచ్చే యంత్రంగా మలిచాడు. యుద్ధంలో హెలికాప్టర్ తొలిసారి మనుషుల్ని కాపాడిన సంఘటనకు మన నేలతో సంబంధముంది. 1944 ఏప్రిల్‌లో అస్సాంలోని లాలాఘాట్ నుంచి బయల్దేరిన సికోర్‌స్కీ ఆర్-4ను నడిపింది కార్టర్ హార్మన్ అనే అమెరికన్ లెఫ్టినెంట్. బర్మా అడవిలో శత్రువుల మధ్య చిక్కిన ఒక పైలట్‌నూ, ముగ్గురు బ్రిటిష్ సైనికులనూ ఆయన బయటికి తెచ్చాడు. బలం చాలని ఇంజిన్, ఉక్కపోతతో పలచబడిన గాలి. ఒక్కో విడతకు ఒక్కరినే తేగలిగాడు.

మన వాయుసేనకు బాంబర్లు దక్కిన తీరు గుర్తుంచుకోదగ్గది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు తమ దగ్గరున్న అమెరికన్ లిబరేటర్ బాంబర్లను కాన్పూర్‌లో వదిలేశారు. మళ్లీ ఎగరకూడదని వాటిని పాడుచేసి మరీ వెళ్లారు. 1948లో కొత్త దేశానికి బాంబర్లు కావాల్సి వచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజనీర్లు ఆ తుక్కు గుట్టలోకి దిగారు. దీని భాగం దానికి, దాని భాగం దీనికి బిగించి, ఒక్కోదాన్నీ బెంగళూరు దాకా ఎగరేసుకెళ్లి పూర్తిగా బాగుచేశారు. అలా నలభైకి పైగా విమానాలు తిరిగి లేచాయి. 1968 దాకా సేవలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఇవాళ బ్రిటన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. మన పరిశ్రమ చరిత్రలో ఇంతకన్నా గర్వపడాల్సిన ఘట్టాలు తక్కువే.

రవాణా విమానం విలువ దేశానికి తెలిసిన రోజు 1947 అక్టోబర్ 27. ఆ ఉదయం ఢిల్లీ నుంచి డకోటాలు సిక్కు రెజిమెంట్ జవాన్లను శ్రీనగర్‌లో దింపాయి. ఆ విమానాశ్రయం చేజారి ఉంటే కాశ్మీర్ లోయ కథే మారేది. మరుసటేడు మే నెలలో ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటాను లేహ్‌లో దింపారు. పది వేల అడుగులకు మించిన ఎత్తులో, అప్పటికప్పుడు చదును చేసిన నేల మీద.

ఎత్తుతో చిక్కేమిటంటే, పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఎండ ముదిరినా అంతే. గాలి పలచబడితే రెక్కకు ఊతం తగ్గుతుంది, ఇంజిన్‌కు శక్తి తగ్గుతుంది. యూరప్ మైదానాల కోసం తయారైన విమానం లద్దాఖ్‌లో సగం బరువు కూడా మోయలేక చతికిలపడుతుంది. అందుకే మనవాళ్లు ఫెయిర్‌చైల్డ్ ప్యాకెట్ విమానాల వీపు మీద అదనంగా ఒక జెట్ ఇంజిన్ బిగించారు. అలాంటి ప్యాకెట్ 1962లో 16 వేల అడుగులు దాటిన దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది.

తర్వాత మన అవసరం కోసం కొత్త విమానాలే పుట్టాయి. సైన్యానికి ఎత్తైన కొండల్లో పనికొచ్చే హెలికాప్టర్ కావాలని భారత్ 1960ల చివర్లో ఫ్రాన్స్‌ను అడిగింది. ఫ్రెంచ్ ఇంజనీర్లు అలూయెట్-2 తేలికపాటి దేహానికి అలూయెట్-3 ఇంజిన్‌ను, రోటర్‌ను అమర్చి 1969లో లామాను ఎగరేశారు. 1972 జూన్ 21న జాన్ బూలే దాన్ని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. అక్కడ ఇంజిన్ ఆగిపోయింది. తిరిగే రోటర్ ఊతంతోనే క్షేమంగా కిందికి దిగాడు. ఆ లామాయే బెంగళూరులో చీతాగా తయారైంది. 1984 ఏప్రిల్ 13న బిలాఫాండ్ లా కనుమ మీద మన సైనికులను దింపింది చీతాలే. సియాచిన్‌లో ఆ తర్వాత నాలుగు దశాబ్దాలుగా కిరోసిన్ డబ్బా నుంచి గాయపడ్డ జవాన్ దాకా ఎక్కువగా మోసింది అవే.

ఏఎన్-32 కథా ఇలాంటిదే. సోవియట్ ఏఎన్-26 మన వేడికీ, ఎత్తుకూ చాలదని తేలాక, అంతోనోవ్ సంస్థ ఇంకా శక్తివంతమైన ఇంజిన్లు తెచ్చింది. వాటి ప్రొపెల్లర్లు పెద్దవి కావడంతో ఇంజిన్లను రెక్క మీదికి ఎత్తి అమర్చింది. మొదటి కొనుగోలుదారు భారతదేశమే. 2008లో దౌలత్ బేగ్ ఓల్డీ నేల రన్‌వే మీద దశాబ్దాల తర్వాత దిగిన పెద్ద విమానం కూడా ఏఎన్-32. అయిదేళ్లకు సీ-130జె అక్కడ దిగి బరువు పనుల బాధ్యత తీసుకుంది. ఆ సీ-130జె తోక భాగాలు ఇప్పుడు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో తయారవుతున్నాయి.

1999లో కార్గిల్ మరో లోటు చూపింది. దాడి హెలికాప్టర్లుగా మనకున్న ఎంఐ-35లు ఆ ఎత్తులో పోరాడలేవు. రవాణాకు వాడే ఎంఐ-17లకు రాకెట్లు బిగించి పంపారు. మే 28న తోలోలింగ్ దగ్గర వాటిలో ఒకటి క్షిపణికి బలైంది, అందులోని నలుగురూ మరణించారు. అంత ఎత్తులో ఆయుధాలతో ఎగిరే హెలికాప్టర్‌ను మనమే చేసుకోవాలన్న పట్టుదల అక్కడ మొదలైంది. 2010 మార్చిలో తొలిసారి ఎగిరి, 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరిన ప్రచండ్ దాని ఫలితం.

రకాల మధ్య గీతలు ఎంత తేలిగ్గా చెరిగిపోతాయో 1971 భారత్-పాక్ యుద్ధం చెప్పింది. ఏఎన్-12 సరుకులు మోసే విమానం. వింగ్ కమాండర్ వశిష్ఠ్ నాయకత్వంలో వాటిలోకి బాంబులు ఎక్కించి, లాహోర్‌కు దక్షిణాన చాంగా మాంగా అడవిలోని ఆయుధ నిల్వల మీద జారవిడిచారు. శత్రు బాంబర్లను అడ్డగించడానికి రూపొందిన మిగ్-21లు డిసెంబర్ 14న ఢాకా గవర్నర్ నివాసం మీద రాకెట్లు కురిపించాయి. అదే రోజు శ్రీనగర్ మీదికి పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు ఆరు వచ్చాయి. బుల్లి నాట్ ఫైటర్‌లో వాటిని ఎదుర్కొన్న ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ ప్రాణాలర్పించాడు. వాయుసేనకు దక్కిన ఏకైక పరమవీర చక్ర ఆయనదే. ఇవాళ్టి సుఖోయ్-30 అయితే ఫైటర్, బాంబర్ అనే తేడా లేకుండా పుట్టింది. గాల్లో పోరాడుతుంది, బ్రహ్మోస్ క్షిపణినీ మోస్తుంది.

గాల్లోంచి చూడటం అన్న మొదటి పని అంతరించలేదు, పలు శాఖలుగా పెరిగింది. నేల మీది రాడార్‌కు భూమి వంపు అడ్డం. కిందుగా వచ్చే విమానాలు దాని చాటున దాక్కుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా నౌకాదళం రాడార్‌నే విమానానికి ఎక్కించింది. మన దగ్గర ఐఎల్-76 వీపు మీద ఇజ్రాయెల్ రాడార్ పెట్టిన ఫాల్కన్ 2009లో వచ్చింది. ఎంబ్రాయర్ విమానం మీద బెంగళూరు శాస్త్రవేత్తలు రూపొందించిన నేత్ర 2017లో వచ్చింది. మనిషే లేకుండా చూసే డ్రోన్లు ఆ వరుసలో కొత్తవి. నౌకాదళానికి 2024 జనవరిలో అందిన దృష్టి-10 హైదరాబాద్‌లోనే తయారైంది.

సముద్ర నిఘా సంగతి విశాఖ వాసులకు కళ్లెదుటే ఉంది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలబెట్టిన టీయూ-142ను ఎందరో చూసే ఉంటారు. సోవియట్ టీయూ-95 బాంబర్‌ను జలాంతర్గాముల వేటకు తగ్గట్టు మార్చిన విమానమది. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు ఒక్క ప్రమాదమూ లేకుండా హిందూ మహాసముద్రాన్ని కాపలా కాసింది. దాని స్థానంలో అరక్కోణం నుంచి ఎగురుతున్న పీ-8ఐ, మనం ఊళ్లకు వెళ్లే బోయింగ్ 737కు సైనిక రూపం.

పేరు ప్రతిష్ఠలు దక్కని రకం శిక్షణ విమానం. కానీ పైలట్లందరూ మొదట కూర్చునేది అందులోనే. మొదటి ప్రపంచ యుద్ధంలో శిక్షణలోనే లెక్కలేనంతమంది కుర్రాళ్లు చనిపోతుంటే, 1917లో రాబర్ట్ స్మిత్ బ్యారీ గోస్‌పోర్ట్‌లో కొత్త పద్ధతి పెట్టాడు. గురువుకూ శిష్యుడికీ జంట నియంత్రణలు, మాట వినిపించే గొట్టం, ప్రమాదకరమైన విన్యాసాలను తప్పించుకోకుండా నేర్పించడం. ఆ పద్ధతికి వారసులే మన హెచ్‌టీ-2, కిరణ్, ఇప్పటి పిలాటస్. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ మీదుగా రోజూ తిరిగేవి ఈ పిలాటస్‌లే. దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న అధికారులుగా బయటికొచ్చింది ఆ మైదానం నుంచే.

ఇన్ని రకాలు సమకూర్చుకున్నా ఒక లోటు మాత్రం తీరలేదు. 1961లో ఎగిరిన మన తొలి జెట్ ఫైటర్ మరుత్‌ను జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ ధ్వనికి రెండింతల వేగం కోసం గీశాడు. తగిన ఇంజిన్ దొరక్క అది ఆ దరిదాపులకు చేరలేదు. ఆ స్థానాన్ని 1963లో వచ్చిన మిగ్-21 ఆక్రమించింది. నాసిక్‌లో దేహం, కోరాపుట్‌లో ఇంజిన్, బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో ఎలక్ట్రానిక్స్ తయారై, 62 ఏళ్లు ఎగిరి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. అంతకు ముందురోజే 97 తేజస్ మార్క్-1ఏ విమానాలకు రూ. 62,370 కోట్ల ఒప్పందం కుదిరింది. తేజస్ మన సొంత రూపకల్పన. దాని గుండె మాత్రం అమెరికా జీఈ ఎఫ్404. 1980ల చివర్లో మొదలైన మన కావేరీ ఇంజిన్ తేజస్‌ను మోసే స్థాయికి చేరలేదు. ఇంజిన్ల రాక ఆలస్యమైతే తేజస్ రాకా ఆలస్యమవుతోంది. కాన్పూర్ తుక్కులోంచి బాంబర్లను లేపిన దేశం ఇప్పుడు పెట్టాల్సిన డబ్బు, ఓపిక, మెదడు అన్నీ ఒక మంచి జెట్ ఇంజిన్ మీదే పెట్టాలి.